హతురాలికి హంతకుడు ఏమవుతాడు?

జాతీయ నేర గణాంకాల బ్యూరో సంచాలకులకు బహిరంగ లేఖ



బ్యూరో ఏటా వెలువరించే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికలో హత్యల అధ్యాయం తెరిచిన పాఠకుడికి హతులు స్త్రీలా పురుషులా, వారి వయసెంత, హత్యకు ప్రేరణ ఏమిటి అనే మూడు ప్రశ్నలకు పట్టికల్లో జవాబు దొరుకుతుంది గాని, హతురాలికి హంతకుడు ఏమవుతాడు అనే నాలుగో ప్రశ్నకు అక్కడ గడి లేదు. 2022 నివేదిక ప్రకారం దేశంలో 28,522 హత్య కేసులు నమోదు కాగా, హతుల్లో 8,125 మంది స్త్రీలు. వీరిలో భర్త చేతిలో పోయినవారెందరో, కాపురం విడిచి పుట్టింట తలదాచుకున్నాక అదే భర్త వెతుక్కుంటూ వచ్చి చంపినవారెందరో, సహజీవనంలో ఉన్న మగవాడి చేతిలో, కాదన్నా వెంటపడినవాడి చేతిలో, కన్నతండ్రి చేతిలో పోయినవారెందరో ఆ నివేదిక చదివి తెలుసుకునే దారి లేదు. హతులైన పురుషుల్లో భార్య గాని, ఆమె ప్రియుడు గాని చంపినవారి లెక్క కూడా ఇంతే. ఈ బహిరంగ లేఖ ఆ ఒక్క గడిని కోరుతోంది.

భార్యాభర్తలు, మాజీ దంపతులు, సహజీవనం చేస్తున్నవారు, ప్రేమికులుగా ఉన్నవారు లేదా ఒకప్పుడు అలా ఉండినవారు, వీరిలో ఒకరు మరొకరిని చంపడాన్ని నేరశాస్త్రం ‘సన్నిహిత భాగస్వామి హత్య’ అని వ్యవహరిస్తుంది. ఈ వర్గాన్ని వేరుచేసి చూడవలసిన అవసరం ఏమిటో ఒక పోలికతో స్పష్టమవుతుంది. 66 దేశాల సమాచారాన్ని కూర్చి 2013లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ప్రచురించిన అధ్యయనంలో, హతులైన స్త్రీలలో 38.6 శాతం మంది సన్నిహిత భాగస్వామి చేతిలో మరణించగా, హతులైన పురుషులలో ఆ వాటా 6.3 శాతంగా తేలింది. మొత్తం హత్యల్లో హతులు ఎక్కువగా పురుషులే అయినా, వారిని చంపేది చాలావరకు పరిచయస్థులు, ప్రత్యర్థులు, ముక్కూమొహం తెలియనివారు. స్త్రీకి ప్రాణాపాయం ఇంటి గడప లోపలే ఎక్కువ. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా ఉద్దేశపూర్వకంగా హతులైన సుమారు 85,000 మంది స్త్రీలు, బాలికల్లో దాదాపు 51,100 మంది, అంటే రోజుకు 140 మంది, భాగస్వాముల చేతిలోనో కుటుంబసభ్యుల చేతిలోనో చనిపోయారు. ఇలాంటి అంచనా కట్టాలంటే ప్రతి దేశం నుంచీ హంతకుడికీ హతురాలికీ గల సంబంధం తెలియాలి. అందుకే స్త్రీ అయినందువల్ల జరిగే హత్యలను లెక్కించడానికి ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2022 మార్చిలో ఒక గణాంక చట్రాన్ని ఆమోదించింది.

బ్యూరో ఈ సంబంధానికి బదులు ప్రేరణను లెక్కిస్తోంది. వ్యక్తిగత కక్షలు, ఆస్తి తగాదాలు, కుటుంబ కలహాలు, చిల్లర తగవులు, ప్రేమ వ్యవహారాలు, అక్రమ సంబంధాలు, వరకట్నం, పరువు, చేతబడి అంటూ ఆ జాబితా సాగుతుంది. ప్రేరణ తెలియడం మంచిదే. అయితే ప్రేరణ అన్నది సాధారణంగా హంతకుడు చెప్పుకున్న కథ. తొలి దర్యాప్తు రోజుల్లో అతడు పోలీసులకు ఏమి చెప్పాడో, స్టేషన్ రైటర్ దాన్ని ఏ మాటల్లో రాసుకున్నాడో, ఆ మాటే చివరికి దేశపు లెక్కగా స్థిరపడుతుంది. సంబంధం అలాంటిది కాదు. పెళ్ళి జరిగిందా లేదా, ఇద్దరూ ఒకే ఇంట ఉంటున్నారా విడిగా ఉంటున్నారా అన్నవి సాక్షులూ కాగితాలూ తేల్చగల విషయాలు. ‘ప్రేమ వ్యవహారం’ అనే ఒక్క గడిలోకి ఎన్ని రకాల చావులు చేరగలవో చూస్తే ఈ తేడా బోధపడుతుంది. ప్రియుడితో కలిసి భార్య చేసిన భర్త హత్య, పెళ్ళికి నిరాకరించిన ప్రియురాలిని ప్రియుడు చంపడం, ఏనాడూ ‘సరే’ అనని అమ్మాయిని వెంటపడినవాడు చంపడం, కూతురు ప్రేమించినవాడిని తండ్రి చంపించడం, నాలుగింటికీ అందులో చోటుంది. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడివీధిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని సోషల్ మీడియాలో పరిచయమైన యువకుడు పొడిచి చంపిన ఉదంతాన్నీ, 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి మామగారు కిరాయి మనుషులతో చంపించిన ఉదంతాన్నీ పక్కపక్కన పెడితే, రెండింటిలోనూ ‘ప్రేమ’ అనే మాట వినిపిస్తుంది గాని, హంతకుడి స్థానం రెండింటిలో పూర్తిగా వేరు. ఇలాంటి హత్యలకు తెలుగు పత్రికలు అలవాటుగా పెట్టే ‘ప్రేమోన్మాది ఘాతుకం’ అనే శీర్షిక కూడా హంతకుడి పక్షాన్నే మాట్లాడుతుందని ఇక్కడ చెప్పక తప్పదు. ఉన్మాదం అనగానే అది వ్యాధి అవుతుంది, ప్రేమ అనగానే అమ్మాయికి అందులో వాటా ఉన్నట్టవుతుంది.

ఈ పని బ్యూరోకు కొత్తది కూడా కాదు. అదే నివేదికలో అత్యాచారాల అధ్యాయంలో నిందితుడికీ బాధితురాలికీ గల సంబంధం చెప్పే పట్టిక ఏటా అచ్చవుతోంది. కుటుంబసభ్యులు, కుటుంబ స్నేహితులు, ఇరుగుపొరుగువారు, యజమానులు, ఆన్‌లైన్ స్నేహితులు, పెళ్ళి చేసుకుంటానని సహజీవనం చేసినవారు, విడిపోయిన భర్త, ఎవరో తెలియనివారు అని అందులో వర్గాలున్నాయి. అత్యాచారం చేసేది ఎక్కువగా ఎరిగినవాడేనని ఏటా చూపుతున్నది ఆ పట్టికే. బతికి ఉన్న బాధితురాలి విషయంలో అడుగుతున్న ప్రశ్నను చనిపోయిన స్త్రీ విషయంలో అడగకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ కనిపించదు.

లింగభేదం, సంబంధ స్వభావం ఈ హత్యల్లో ఎలా పెనవేసుకున్నాయో తొలుత వివరంగా చూపినవారిలో కెనడాకు చెందిన మార్గో విల్సన్, మార్టిన్ డేలీ దంపతులు ముఖ్యులు. భార్యలను చంపిన ప్రతి 100 మంది భర్తలకు భర్తలను చంపిన భార్యలు ఎంతమంది అన్న లెక్కను వారు 1992లో ఒక వ్యాసంలో పరిశీలించారు. అమెరికాలో ఆ సంఖ్య సుమారు 75 కాగా, వారు పోల్చిన ఇతర దేశాల్లో అంతకంటే చాలా తక్కువ. ఆ నిష్పత్తి ఒకే దేశంలో కూడా స్థిరంగా ఉండదన్నది వారి పరిశీలనలో మరింత విలువైన భాగం. చట్టబద్ధమైన పెళ్ళిళ్ళలో కంటే సహజీవనాల్లో స్త్రీలు హంతకులయ్యే పాలు ఎక్కువగా కనిపించింది. కలిసి ఉంటున్న జంటల కంటే విడిపోయిన జంటల్లో ఆ పాలు బాగా పడిపోయింది, అంటే విడిపోయాక చంపేది దాదాపుగా పురుషుడే. 1993లో కెనడా, ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్, అమెరికాలోని షికాగో నగరపు లెక్కలు తీసుకుని వారే చేసిన మరో అధ్యయనం, భర్తను విడిచిన స్త్రీకి ప్రాణాపాయం అతనితో కలిసి ఉన్నప్పటి కంటే పెరుగుతుందని చూపింది. స్త్రీని తన సొత్తుగా భావించే మగవాడికి ఆ సొత్తు చేజారడమే సహించరానిదవుతుందని ఆ పరిశోధకుల వివరణ. పురుషుడు తనను వదిలివెళుతున్న స్త్రీని చంపుతాడు, స్త్రీ చాలా సందర్భాల్లో తాను వదలలేకపోతున్న పురుషుణ్ణి చంపుతుంది అని ఈ తేడాను క్లుప్తంగా చెప్పుకోవచ్చు.

ఈ మాటలోని రెండో సగానికి అమెరికా చరిత్రే సాక్ష్యం. అక్కడి న్యాయశాఖ లెక్కల ప్రకారం 1976లో దాదాపు 3,000 మంది సన్నిహితుల చేతిలో హతులైతే, 1996 నాటికి ఆ సంఖ్య 1,800కు కాస్త పైన నిలిచింది, వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. ఆ ఇరవై ఏళ్ళలో తగ్గినవాటిలో పెద్దపాలు పురుషుల మరణాలు. దెబ్బలు తినే స్త్రీలకు ఆశ్రయ గృహాలు, వారికి రక్షణ కల్పించే చట్టాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో భర్తలను చంపే భార్యలు తక్కువగా ఉన్నారని ఏంజెలా బ్రౌన్, కర్క్ విలియమ్స్ 1989లోనే గుర్తించారు. తలుపు తెరిచి ఉంటే బయటికి వెళ్ళగలిగే స్త్రీకి రోకలిబండతో పని పడదు. ఆడవారి కోసం కట్టిన ఆశ్రయాలు ముందుగా మగవారి ప్రాణాలు కాపాడిన ఈ విచిత్రం ‘పురుషుల హక్కుల’ పేరిట గృహహింస చట్టాన్ని ఎత్తివేయమనే వాదనల్లో ఎక్కడా ప్రస్తావనకు రాకపోవడం ఆశ్చర్యమే.

ఈ ఫలితాలను ఉన్నవి ఉన్నట్టుగా భారతదేశానికి దిగుమతి చేసుకోవడం తప్పు. చట్టబద్ధ వివాహంలో ఉన్న స్త్రీ కంటే సహజీవనంలో ఉన్న స్త్రీకి భాగస్వామి చేతిలో చనిపోయే ప్రమాదం ఎనిమిది రెట్లు ఎక్కువని విల్సన్, డేలీ బృందం కెనడాలో కనుగొన్న మాట నిజమే. అయితే అక్కడ సహజీవనం చేసే జంటల్లో వయసు తక్కువ, పేదరికం, నిరుద్యోగం ఎక్కువ. ఇక్కడ 2022లో ఢిల్లీలో సహజీవనంలో ఉన్న ఒక యువతి హత్య బయటపడ్డాక, పెళ్ళి లేని కాపురమే ఆమెను చంపిందన్న తీర్పు చర్చావేదికల్లో నెలల తరబడి మార్మోగింది. పెళ్ళి దాదాపు అందరికీ జరిగిపోయే దేశంలో హత్యలు కూడా పెళ్ళిలోనే ఎక్కువగా ఉండడానికి అవకాశం ఉంది. ఏ సంబంధంలో ప్రమాదం ఎంతో చెప్పాలంటే ఆ సంబంధంలో ఎందరు జీవిస్తున్నారో, అందులో ఎందరు హతులయ్యారో రెండూ తెలియాలి. రెండో సంఖ్యను ఇవ్వగలిగింది బ్యూరో ఒక్కటే.

సంబంధాల జాబితాను పరాయి దేశాల నుంచి అరువు తెచ్చుకోకూడదనడానికి కూడా కారణముంది. అమెరికా హత్యల నివేదికలో మాజీ భర్త, మాజీ భార్య అనే గుర్తులు ఉన్నా మాజీ ప్రియుడు, మాజీ ప్రియురాలు అన్న గుర్తులు దశాబ్దాల పాటు లేవు, అందువల్ల విడిపోయిన ప్రేమికుడు చేసిన హత్య ఏదో ఒక పొరుగు గడిలో దూరవలసి వచ్చింది. తెలుగునాట చిక్కు మరో రకం. ఇక్కడ విడిపోవడం విడాకులతో మొదలుకాదు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వస్తుంది, పెద్దమనుషులు పంచాయితీ పెడతారు, సర్దుకుపొమ్మని నచ్చజెప్పి కాపురానికి పంపుతారు, కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వస్తుంది, ఈ రాకపోకలు ఏళ్ళ తరబడి సాగినా కాగితం మీద ఆమె భార్యే. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు అనే సామెత పుట్టిన చోట కొట్టడం ఫిర్యాదుకు తగిన విషయంగా కనిపించకపోవడంలో వింత లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళయిన 18–49 ఏళ్ళ స్త్రీలలో భర్త హింసను ఎదుర్కొన్నామని చెప్పినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వీరిలో ఎవరైనా పుట్టింటి వాకిట్లో హతురాలైతే, కేవలం ‘భర్త’ అన్న గడి నింపి ఊరుకుంటే, విల్సన్, డేలీలు ప్రమాదాన్ని పెంచుతుందని చూపిన ఆ ‘విడిపోయిన’ స్థితి మళ్ళీ కనుమరుగవుతుంది. మేనరికం మరో మెలిక. హంతకుడు మేనమామో, మేనబావో అయి, భర్త కూడా అతడే అయినప్పుడు ‘బంధువు’ అని రాసి వదిలేయకుండా దాంపత్య సంబంధానికే ముందు చోటివ్వాలని ఫారంలోనే చెప్పి ఉండాలి. రెండో కాపురాలు, పెళ్ళి హక్కు లేని స్వలింగ జంటలు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలూ వారి భాగస్వాములూ, వీరికీ గడి ఉండాలి.

వరకట్న మరణాల లెక్క ఉన్నది కదా అని బ్యూరో అనవచ్చు. ఆ లెక్క ఎలా పుట్టిందో గుర్తు చేసుకుంటే దాని బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి. కొత్త కోడళ్ళ మరణాలపై స్త్రీల సంఘాలు చేసిన ఆందోళన ఫలితంగా 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు చేరాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో, అసహజ పరిస్థితుల్లోనో మరణించి, ఆ మరణానికి కొద్దికాలం ముందు ఆమెను కట్నం కోసం వేధించారని రుజువైతే, దాన్ని వరకట్న మరణంగా భావించి, నిర్దోషిత్వాన్ని నిరూపించుకునే భారాన్ని భర్త మీదా అత్తింటివారి మీదా ఉంచింది ఆ చట్టం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయసంహితలో 80వ సెక్షన్. 2022లో ఇలా నమోదైన కేసులు 6,450. ఇవి హత్యల లెక్కకు వెలుపలివి. స్త్రీల హత్యల పక్కన ఇంత పెద్ద సంఖ్య వేరే అధ్యాయంలో ఉండటం వల్ల, భర్తింట పోయిన ప్రాణాలెన్నో ఏ ఒక్క చోటా కూడిక కావడం లేదు. ఏడేళ్ళ మీద ఒక్క రోజు దాటినా ఆ మరణం ఈ అధ్యాయం నుంచి జారిపోతుంది. కట్నం ఊసు లేకుండా అనుమానంతో చంపితే ఇందులోకి రానే రాదు. ఇందులో ఉన్నవాటిలో ఎన్ని నిజంగా హత్యలో, ఎన్ని ఆత్మహత్యలో కూడా పట్టిక చెప్పదు, ఎందుకంటే ఆ తేడా తేల్చకుండానే శిక్షించడానికి వీలుగా ఆ సెక్షన్ రాశారు. ఇలాంటి కేసుల్లో మరణశిక్షకు వీలుండేలా, 304బితో పాటు హత్యానేరాన్ని కూడా మోపాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌బీర్ కేసులో కింది కోర్టులను ఆదేశించింది, తరువాత ఆధారాలుంటేనే అని సవరించింది.

వీటికి అవతల ‘ప్రమాదం’ అనే పెద్ద చీకటి ఉంది. 2001లో దేశంలో మంటల్లో కాలి చనిపోయినవారు 1,63,000కు పైగా ఉండవచ్చనీ, వారిలో సుమారు 1,06,000 మంది స్త్రీలనీ, వారు ఎక్కువగా 15–34 ఏళ్ళవారనీ, పోలీసు లెక్కల కంటే ఇది ఆరు రెట్లు ఎక్కువనీ 2009లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వంటింట్లో స్టవ్వు పేలిందన్న వాంగ్మూలంతో మూతపడిన ఫైళ్ళలో హత్యలు ఎన్నో ఇప్పుడు తేలే పని కాదు. అయినా అసహజ మరణాల పంచనామా కాగితంలో, మృతురాలికి గతంలో పోలీస్ ఫిర్యాదు ఉందా, గొంతు నులిమిన దెబ్బల వంటి పాత గాయాలున్నాయా అన్న రెండు ప్రశ్నలు ఉంటే రేపటి ఫైళ్ళయినా మాట్లాడతాయి. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం పదకొండు నగరాల్లో చేసిన పరిశోధనలో, విడిచి వెళ్ళడం, చంపుతానన్న బెదిరింపు, అంతకుముందు గొంతు నులిమి ఉండటం హత్యకు ముందస్తు హెచ్చరికలుగా తేలాయి. ఇక్కడ ఆ హెచ్చరికలకు కాగితం కూడా మిగలదు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన లలితా కుమారి తీర్పు దాంపత్య వివాదాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణకు వీలిచ్చింది, దాంతో చాలా ఫిర్యాదులు కౌన్సెలింగ్ గదిలో రాజీతో ముగిసి, నేరంగా నమోదే కావు.

స్త్రీలు చేసే హత్యల విషయానికి వస్తే పట్టిక లేని లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2025లో మేరఠ్‌లో ఒక భర్త శవం నీలిరంగు డ్రమ్ములో బయటపడిన ఉదంతం, మేఘాలయలో హనీమూన్‌కు వెళ్ళిన వరుడి హత్య, రెండింటిలోనూ భార్యల మీద అభియోగాలు వచ్చాయి. ఆ తరువాత ‘భర్తలకు రక్షణ లేదు’ అన్న మాట దేశమంతా నమ్మకంగా పలికింది, దానికి బదులుగా ‘అవి అరుదైన ఘటనలు మాత్రమే’ అన్న మాట కూడా అంతే నమ్మకంగా పలికింది. రెండు పక్షాల దగ్గరా అంకె లేదు, ఉన్నది వార్తల జ్ఞాపకం. భార్య చేసిన హత్య అరుదైనకొద్దీ మొదటి పేజీకి ఎక్కుతుంది, భర్త చేసిన హత్య మామూలైనకొద్దీ జిల్లా ఎడిషన్లో నాలుగు వరుసలకు కుదించుకుపోతుంది.

చట్టం కూడా ఈ తేడాను సమంగా తూచలేదు. తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం వల్ల విచక్షణ కోల్పోయి చంపితే దాన్ని హత్య కంటే తక్కువ నేరంగా చూడటం బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన మినహాయింపు. భార్యను పరపురుషుడితో చూసి అప్పటికప్పుడు కత్తి తీసినవాడి కోపానికి ఆ కొలత సరిపోతుంది. పదేళ్ళు దెబ్బలు తిని, అతడు నిద్రపోయేదాకా ఆగిన స్త్రీ ‘ఆకస్మికత’ అనే షరతు దగ్గరే ఓడిపోతుంది. బ్రిటన్‌లో, ఏళ్ళ తరబడి హింసించిన భర్తను చంపిన కిరణ్‌జిత్ అహ్లువాలియా కేసులో 1992లో అప్పీలు కోర్టు హత్యానేరాన్ని రద్దు చేసిన తరువాత మొదలైన చర్చ, 2009లో ఆకస్మికత షరతును తొలగిస్తూ, శృంగారపరమైన ద్రోహాన్ని రెచ్చగొట్టడంగా పరిగణించరాదంటూ చట్టాన్ని మార్చేదాకా సాగింది. మద్రాసు హైకోర్టు 1989లో సుయంబుక్కని కేసులో ‘దీర్ఘకాలిక ప్రేరేపణ’ను గుర్తించింది. భారతీయ న్యాయసంహిత మాత్రం 2023లో కొత్తగా రాసినా పాత మినహాయింపునే ఉంచుకుంది. ఏ సంబంధంలో, ఎన్నేళ్ళ హింస తరువాత స్త్రీలు చంపుతున్నారన్న లెక్క పార్లమెంటు ముందు ఉండి ఉంటే ఆ సెక్షన్ మీద మరికొంత చర్చ జరిగి ఉండేదేమో.

కొత్త చట్టాల వల్ల బ్యూరో తన ఫారాలను, సెక్షన్ల పట్టికలను ఎలాగూ తిరగరాయవలసే ఉంది. ఆ పనిలో భాగంగా హత్య, వరకట్న మరణం, ఆత్మహత్యకు ప్రేరేపించడం, ఈ మూడింటికీ ఒకే సంబంధ పట్టికను, స్త్రీ పురుష ట్రాన్స్‌జెండర్ విభజనతో, కలిసి ఉంటున్నారా విడిగా ఉంటున్నారా అన్న గడితో, పూర్వ ఫిర్యాదు ఉందా అన్న గడితో కలిపి ప్రచురించాలని ఈ లేఖ విన్నవిస్తోంది. ఎఫ్‌ఐఆర్ నాడు రాసినదే శాశ్వతం కాకుండా ఛార్జిషీటు దాఖలయ్యాక ఆ గడిని సరిచూడాలి, ఎందుకంటే భర్తలు హతులైన కేసుల్లో తొలిరోజు ‘గుర్తుతెలియని దుండగులు’గా ఉన్నవారు వారం తిరిగేలోపు పరిచయస్థులవుతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 నుంచి ప్రతి గృహ హత్యపైనా పోలీసు, వైద్య, సంక్షేమ శాఖలు కలిసి సమీక్ష జరపడం చట్టపరమైన బాధ్యత. కెనడాలోని ఆంటారియోలో 2003 నుంచే అలాంటి కమిటీ ఉంది. ఇక్కడ అంత వ్యవస్థ ఇప్పట్లో రాకపోయినా, సమీక్షించవలసినవి ఏవో గుర్తించే పట్టిక ముందు రావాలి.

స్టేషన్లలో సిబ్బంది కొరత ఉందన్న మాట వాస్తవమే, ఆ కారణంగా మొదటి రెండు మూడేళ్ళు చాలా జిల్లాల నుంచి ‘సంబంధం తెలియదు’ అనే గడే పెద్ద అంకెతో వస్తుంది. ఆ అంకెను చూసి సిగ్గుపడి పట్టికను ఆపకుండా, జిల్లాలవారీగా దాన్నీ అచ్చువేయాలి.